నాలుగో ప్రశ్న

ఆ వేసవిలో నేను ముప్పై నాలుగు తలుపులు తట్టాను. ఒక్కటి కూడా మూసి ఉండిపోలేదు. ఎండన పడి వచ్చావంటూ ప్రతి ఇంట్లోనూ ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే ఏం పని మీద వచ్చావని అడిగారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నీళ్లే గొంతుకి అడ్డం పడతాయి.

మా బడి రైలు పట్టాలకీ కూరగాయల మార్కెట్టుకీ మధ్య సందులో ఉండేది. అయిదు తరగతులు, మూడు గదులు, నలభై ఒక్కమంది పిల్లలు. హెడ్మాస్టరు రిటైరై రెండేళ్లయినా ఆ కుర్చీలోకి ఎవరినీ పంపలేదు. రెండో టీచరు మోకాళ్ల ఆపరేషన్‌కని సెలవు పెట్టి వెళ్లి తిరిగి రాలేదు. మిగిలింది నేనొక్కదాన్నే, అదీ కాంట్రాక్టు మీద. ఒక గదిలో ఎక్కాలు అప్పగించి, రెండో గదిలో పాఠం మొదలుపెట్టి, మూడో గదిలో జుట్లు పట్టుకున్నవాళ్లని విడదీసి వచ్చేసరికి, మొదటి గదిలో ఎక్కాలు కాస్తా సినిమా పాటలైపోయేవి.

నేనుండేది అక్కావాళ్లింట్లో. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకి పద్దెనిమిది. అప్పట్నుంచీ నాకు అమ్మయినా అక్కయినా అదే. ఇద్దరం ఆ మూడు గదుల బడిలోనే చదువుకున్నాం. తర్వాత అది విద్యాశాఖ ఆఫీసులో గుమస్తాగా చేరి, ఆ ఏటికి ప్లానింగ్ సెక్షన్‌లో సూపరింటెండెంటు అయింది. బావకి కళ్లద్దాల కొట్టు. వాళ్లమ్మాయి మాత్రం రోజూ వ్యానెక్కి ప్రైవేటు బడికి వెళ్లేది. "అమ్మ ఉద్యోగం గవర్నమెంటు బడుల మీద, కూతురి చదువు వాటికి ఆమడ దూరంలో" అని బావ నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు.

ఏప్రిల్ పదహారున బడికి సెలవులిచ్చాం. ఆ సాయంత్రమే అక్క ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవేంటక్కా?"

"సర్వే. మీ బడి పిల్లల ఇళ్లన్నీ తిరిగి, పెద్దవాళ్ల చేత సంతకాలు పెట్టించాలి."

"దేనికి?"

"దేనికేంటే! టీచర్లు లేరు, టీచర్లు లేరని రోజూ నా చెవిలో జోరీగలా రొద పెడతావు కదా. ఎంతమంది ఉన్నారు, వాళ్లకేం కావాలి అన్నది కాగితం మీద పడితేనే కదా పైవాళ్లని అడగడానికి నాకు నోరుండేది."

నా సంతోషం చెప్పలేను. రెండేళ్లుగా పెట్టిన అర్జీలకి ఇప్పటికి కదలిక వచ్చిందనుకున్నాను. బావ ఒక ఫారం తీసి, కొట్లో కంటి పరీక్షకొచ్చిన వాళ్లలా చేతులు చాచి దూరంగా పెట్టుకుని చదివాడు.

"మిగతావి బాగానే ఉన్నాయి గానీ, ఈ నాలుగోదే కాస్త మసగ్గా ఉందోయ్" అన్నాడు.

"అద్దాలు మార్చుకోండి" అంది అక్క. అందరం నవ్వుకున్నాం. ఆ రోజు అక్క కూడా నవ్వింది.

*

నాలుగో ప్రశ్న ఇది: 'తరగతికొక ఉపాధ్యాయుడు, తగిన సదుపాయాలు గల పాఠశాలలో మీ బిడ్డను చదివించడం మీకు ఇష్టమేనా?'

దాన్ని నేను ముప్పై నాలుగు ఇళ్లలో పైకి చదివాను. తాపీపని చేసేవాళ్ల ఇళ్లలో, మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ల ఇళ్లలో, వీధులూడ్చే వాళ్ల ఇళ్లలో. ఎక్కడా నాకు 'కాదు' అన్న మాట వినబడలేదు. ఎందుకు వినబడుతుంది?

ఇస్త్రీ వదిన అయితే పకపకా నవ్వేసింది. మా బడి సందు మొదట్లో, నాలుగంతస్తుల మేడ గేటు పక్కన ఆమె బండి. పొద్దున్నే బొగ్గులు రాజేసుకుని నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉండేది. వరసకి ఏమీ కాదు, నేను వదినా అంటే ఆమె పంతులమ్మా అనేది, అంతే చుట్టరికం. కూతురు మూడో తరగతి పూర్తి చేసింది. వీధంతా దాన్ని పిడుగు అని పిలిచేది. బడి వదిలే వేళకి మాత్రం బండి పక్కన పెట్టి, కూతురి కోసం కాస్త ముందే వచ్చి, వదిన వెనక బెంచీ మీద కూర్చునేది. ఊరికే కూర్చోవడం దేనికని ఒకసారి పలకిచ్చాను. మూడు నెలల్లో తన పేరు రాయడం పట్టుబడింది.

"ఇష్టమేనా అని అడగడమేంటి పంతులమ్మా? ఆకలితో ఉన్నవాణ్ణి పట్టుకుని తిండి తినడం ఇష్టమేనా అన్నట్టుంది."

"అలాగే అడుగుతారు వదినా, గవర్నమెంటు కాగితం కదా. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి చాలు. ఎండ మండిపోతోంది, ఇంకా పది ఇళ్లున్నాయి."

"ఛీ, వేలెందుకు? నువ్వు నేర్పిన అక్షరాల్ని ఈ బొగ్గుల్లో పోసెయ్యమంటావా?"

ఇస్త్రీ పెట్టెని పక్కకి పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో ఒకటికి రెండుసార్లు తుడుచుకుంది. పిడుగు అట్ట తెచ్చి ఫారం కింద పెట్టింది. వదిన ఒక్కో అక్షరం రాస్తూ మధ్యలో ఆగి, పెదాలతో దాన్ని పలికి చూసుకుని, మళ్లీ రాసింది. చివరి అక్షరానికి గుడి పెట్టడం మరిచిపోతే పిడుగు గుర్తుచేసింది. అంత ఎండలోనూ నాకు కదలబుద్ధి కాలేదు. ఆ సంతకం కింద 'నా సమక్షంలో' అన్నచోట నా సంతకం పెట్టాను.

ఆ కట్టంతటికీ అడ్డుపడినవాడు ఒక్కడే, కండక్టరు తాతగారు. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. మనవరాలు మా బడిలోనే రెండో తరగతి. ఆయన ఫారాన్ని అటూ ఇటూ తిప్పి, వెనకవైపు ఏమీ లేదని నిర్ధారించుకుని, మళ్లీ ముందువైపు చదివాడు.

"ఏ పాఠశాలలో అని రాయలేదేంటమ్మా?"

"మన బడే కదండీ తాతగారూ. మన బడికి టీచర్లని వేయడానికే ఈ సర్వే."

"మన బడి అనే రాయొచ్చుగా? ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టాను తల్లీ. ఏ ఊరికో రాయని టికెట్టు చేతిలో పెడితే, ఎక్కినవాడు ఎక్కడ దిగాలన్నది వాడిష్టం కాదు, బండివాడి ఇష్టం."

నాకు ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి అక్క వాళ్లమ్మాయికి జడ వేస్తోంది.

"అక్కా, ఒక్క మాట నిజం చెప్పు. ఇది పట్టుకుని మన బడి మూసేస్తారా?"

అక్క దువ్వెన ఆపలేదు. "నీకెవరు చెప్పారే ఇవన్నీ?"

"ఎవరో అడిగారు. నేనేం చెప్పను?"

"నాకు అక్షరం ముక్క వచ్చిందంటే అక్కడే. నేను ఆఫీసులో కూర్చుని ఉండగా దాని జోలికి ఎవరొస్తారే, పిచ్చిమొద్దూ" అని, దువ్వెన ఉన్న చేత్తోనే నా నెత్తి మీద ఒకటి మొట్టింది.

మర్నాడు తాతగారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. మా అక్క మాటిచ్చిందని చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు.

"మీ అక్కని నేనెరగను. ఇది నీ మొహం చూసి పెడుతున్నానమ్మా" అని, గిరగిరా సంతకం గీకేశాడు.

*

మే నెలాఖర్లో తల్లిదండ్రుల సమావేశమని కబురొచ్చింది. మా బడి మధ్య గదిలోనే. మోకాళ్లు పైకి పెట్టుకుని పెద్దవాళ్లంతా పిల్లల బెంచీల్లో సర్దుకున్నారు. టీచర్లని వేస్తున్నట్టు చెబుతారని అందరం అనుకున్నాం. ఒకరిద్దరు ఉతికిన బట్టలు వేసుకుని మరీ వచ్చారు. పెద్దాఫీసరు మా హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత ఆ కుర్చీలో మనిషిని చూడడం అదే. పక్కన స్టూలు మీద అక్క, ఒళ్లో ఫైలు.

ఆఫీసరు మెత్తగానే మాట్లాడాడు. పిల్లల మేలు కోసం ఈ బడిని బైపాసు అవతలి పెద్ద బడిలో విలీనం చేస్తున్నారట. రెండున్నర కిలోమీటర్లే. బస్సు వేస్తారట. తరగతికొక టీచరు ఉంటారట. "మీ అందరి కోరిక మీదే ఇది జరుగుతోంది. తల్లిదండ్రుల సమ్మతి నూటికి నూరు శాతం" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గది గదంతా ఒక్కసారి లేచింది. మేమెప్పుడు ఒప్పుకున్నాం అని ఒకరు, చిన్నపిల్లలు బైపాసు ఎలా దాటతారని ఒకరు. ఆఫీసరు చెయ్యి చాచాడు. అక్క ఫైల్లోంచి చేతికందిన ఫారం తీసి ఇచ్చింది. ఆయన పేరు పిలిచాడు. అది ఇస్త్రీ వదిన పేరు.

వదిన ముందుకు వెళ్లింది.

"ఇది మీ సంతకమేనా?"

వదిన వంగి చూసింది. అంతమందిలో, అంత పెద్దాఫీసరు చేతిలో తన పేరు చూసుకుని, ఆ ఒక్క క్షణం మొహం విప్పారింది. "నాదేనండి. నేనే రాశాను."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదండి."

"ఏం రాసి ఉందో చదివి వినిపించారా?"

ఆ ప్రశ్నకి వదిన మొహంలో వెలుగు మెల్లగా పోయింది. వెనక్కి తిరిగి నాకేసి చూసింది.

"పంతులమ్మ చదివింది" అంది.

నేను లేచాను. "సార్, ఈ బడి మూసేస్తారని ఆ ప్రశ్నలో లేదండి. ఆ మాట ఉంటే నేను ఒక్క ఇంటికీ వెళ్లేదాన్ని కాదు."

"మూసేయడమని ఎవరన్నారమ్మా? విలీనం అన్నాను. ఇంతకీ ఈ సంతకాలన్నీ మీ సమక్షంలోనే జరిగాయి కదా? ప్రతి ఫారం మీదా మీ సంతకం కూడా ఉంది. మరి మీరు వాళ్లకి తప్పుగా చదివి వినిపించారా?"

అక్కకేసి చూశాను. అక్క ఫైల్లో కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తోంది, దేనికోసమో వెతుకుతున్నట్టు.

కండక్టరు తాతగారు అందరికంటే ముందు లేచి మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నన్ను దాటుకుంటూ మనవరాల్ని అటుపక్కకి మార్చుకున్నాడు.

*

ఆ సాయంత్రం అక్క నాకంటే ముందే ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఉంది. నేను చెప్పులు విడవకముందే ఏడవడం మొదలుపెట్టింది.

"నాకూ ఇవాళ పొద్దున్నే తెలిసిందే. అంతా పైనుంచే వచ్చింది. నన్ను కూడా బొమ్మలా పక్కన కూర్చోబెట్టారు. ఏం చెయ్యను చెప్పు, ఉద్యోగం కదా!"

అక్క ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా నన్ను ఎత్తుకుని తిరగడానికే దానికి సరిపోయింది. నా కోపం ఎటు పోయిందో పోయింది. పక్కన కూర్చుని కళ్లు తుడిచాను. టీ పెట్టిచ్చాను. నీ తప్పేముందక్కా అన్నాను.

మర్నాడు ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాను. వదిన ముఖం ముడుచుకునే ఉంది, కానీ వినింది.

"మా అక్కకి కూడా తెలీదు వదినా. దాన్ని కూడా మోసం చేశారు. పాపం, ఒకటే ఏడుపు."

వదిన పెట్టె పక్కన పెట్టి నిట్టూర్చింది. "ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చున్నావిడకే దిక్కు లేకపోతే ఇక మనమెంతలే పంతులమ్మా. ఏడవొద్దని చెప్పు." అని, ఆ పూట నేను కట్టుకున్న నూలు చీర నలిగిపోయిందని ఆటపట్టించింది కూడా. తాతగారింటికి వెళ్లి ఆయనకీ అదే చెప్పాను. దారిలో కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాను. తలుపు తలుపునా మా అక్కని కడిగిన ముత్యంలా చేసి వచ్చాను.

జూన్ మొదటి వారంలో అక్క ఒక కవరు పట్టుకుని హుషారుగా వచ్చింది.

"ఇదిగో, నీ పోస్టింగు! కాంట్రాక్టు వాళ్లని చాలామందిని తీసేశారు. నీది మాత్రం పోలేదు. పెద్ద బడిలో, నాలుగో తరగతి" అంటూ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

కవరు విప్పి చదివాను. పైన విలీనపు ఉత్తర్వు సంఖ్య వేశారు. దాని కింద, మూసేస్తున్న బడుల పేర్లు అయిదు. మా బడి మూడోది. ఆ కింద, పెద్ద బడిలో సర్దుబాటు చేసే టీచర్ల పేర్లు. అందులో నాది. అట్టడుగున, జాబితా తయారుచేసినవారు అన్నచోట, అక్క పొడి సంతకం.

ఉత్తర్వు తేదీ ఏప్రిల్ ఏడు.

మళ్లీ చదివాను. ఏడే.

వంటింట్లో కుళాయి కింద గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను.

"అక్కా, ఆ సర్వే కాగితాలు ఇంటికెప్పుడు తెచ్చావు?"

"సెలవులిచ్చిన రోజే కదా. ఏం?"

"పదహారు."

"అయ్యుంటుంది."

చేతులు గిన్నెల మీదే ఉన్నాయి గానీ కదలడం మానేశాయి. కుళాయి కట్టెయ్యలేదు.

"నీ పేరు ఆ జాబితాలో ఉంచడానికి ఎంతమంది గుమ్మాలెక్కి దిగానో నీకు తెలీదు" అంది చివరికి.

"నేనెక్కిన గుమ్మాల సంగతి?"

అక్క కుళాయి కట్టేసి నావైపు తిరిగింది. ఆఫీసులో ఇలాగే మాట్లాడుతుంది కాబోలు అనిపించింది. "నలభై ఒక్కమందికి ఒక్క టీచరు. అది న్యాయమా? మూడు గదుల మధ్య నువ్వు పరుగులు పెట్టడం చదువా? అక్కడ వాళ్లకి మనుషులున్నారు, ల్యాబుంది, ఆటస్థలముంది. పేదపిల్లలకి అలాంటిది దొరకొద్దా? నేను చేసిందాంట్లో తప్పేముందో చూపించు."

"తప్పు లేకపోతే ఉన్న మాట ఉన్నట్టు ఫారంలో రాయొచ్చుగా? ఈ బడి మూసేసి అక్కడికి పంపుతాం, మీకు ఇష్టమేనా అని."

"అలా రాస్తే ఎవరు పెడతారే సంతకం!"

అనేశాక తనకే వినబడినట్టుంది. తడి చేతులు చీరకి తుడుచుకుంది.

"మరి నన్నెందుకు పంపావు?"

"ఇంకెవరు వెళ్తే తలుపులు తీస్తారు?"

అందులో ఎత్తిపొడుపు లేదు, సిగ్గు కూడా లేదు. ఏ బస్సెక్కితే స్టేషనుకి వెళ్తుందో చెప్పినట్టు చెప్పింది.

"ఆ రోజు ఏడ్చావు కదక్కా."

"ఏడుపు నిజమేనే" అంది.

*

పెద్ద బడికి దగ్గర్లో ఒక గది చూసుకున్నాను. వెళ్లేరోజు అక్క తన గదిలోంచి బయటికి రాలేదు. బావ నా పెట్టె స్కూటరు వెనక తాడేసి కట్టాడు.

"బావా, మీకు ముందే తెలుసా?"

తాడు ముడి బిగుసుకోవడం లేదని దాంతో చాలాసేపు కుస్తీపట్టాడు. "కొట్లో కూర్చునేవాణ్ణి, ఆఫీసు సంగతులు నాకేం తెలుస్తాయమ్మా" అన్నాడు, ముడినే చూస్తూ.

ఇస్త్రీ వదినకి నిజం చెప్పకుండా ఉండలేకపోయాను. మా అక్కకి అంతా తెలుసు, ఫారాలు రాకముందే బడి పోయింది, నేను చెప్పింది అబద్ధం అన్నాను. నాకు తెలియక చెప్పానని కూడా అన్నాను. వదిన చొక్కా చేతులు మడత పెడుతూ మొత్తం వినింది. అరుస్తుందనుకున్నాను. తిట్టినా పడదామనే వెళ్లాను.

"ఇది చెప్పడానికే వచ్చారా మేడమ్?" అంది. అంతే. ఆ పూటతో పంతులమ్మా పోయింది, నువ్వూ పోయింది.

బడులు తెరిచారు. ఆఫీసరు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తరగతికొక టీచరు నిజంగానే ఉన్నారు. అయిదు బడుల పిల్లల్ని తెచ్చి కుమ్మరించడంతో నా నాలుగో తరగతిలో మాత్రం అరవై ఎనిమిదిమంది తేలారు. ల్యాబు ఉంది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. బస్సు కూడా వచ్చింది. మొదటి రోజు పిల్లలు కిటికీల్లోంచి చేతులూపుకుంటూ పెళ్లికి వెళ్తున్నట్టు వచ్చారు. పిడుగు దిగీ దిగగానే "టీచర్, నాకు కిటికీ సీటు దొరికింది!" అంది. అయిదు వారాలు తిరిగింది ఆ బస్సు. తర్వాత టైరన్నారు. తర్వాత డ్రైవరన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. నేను రాసిన ఉత్తరాలకి జవాబు లేదు.

అప్పటికి వానలు పట్టుకున్నాయి. నేను పొద్దున్నే వెళ్లి బైపాసు దగ్గర నిలబడేదాన్ని. అటువైపు పిల్లలు గుంపుగా తడుస్తూ నిలబడితే, లారీల సందు చూసి వెళ్లి, చేతులు పట్టుకుని దాటించి తెచ్చేదాన్ని. సాయంత్రం మళ్లీ అదే పని. నాకు జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్లలేకపోయాను. ఆ రెండో రోజున కండక్టరు తాతగారి మనవరాలు రోడ్డు దాటబోతూ, లారీ హారనుకి బెదిరి డివైడరు మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. తర్వాత వారంలో పన్నెండుమంది రావడం మానేశారు. పిడుగు మాత్రం ఇంకో పదకొండు రోజులు ఒంటరిగా వచ్చింది, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని. పన్నెండో రోజు రాలేదు. వాళ్లమ్మ పంపలేదు. పంపమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

సెప్టెంబరు చివరికి మా నలభై ఒక్కమందిలో పంతొమ్మిదిమంది మిగిలారు. హాజరు పట్టీలో, మానేసిన పిల్లల పేరుకెదురుగా కారణం రాయాలి. మా పాత బడి పిల్లలు ఏ తరగతి పట్టీలో ఉన్నా నన్నే రాయమన్నారు. ఇరవై రెండు పేర్లకీ నేను ఒకటే రాశాను: 'బస్సు లేదు. రోడ్డు దాటలేక మానేసింది.' మగపిల్లలకి 'మానేశాడు' అని మార్చాను. రాసి, కింద సంతకం పెట్టి, ఈసారి ప్రతి అక్షరం రెండుసార్లు చదువుకున్నాను. పట్టీలన్నీ తనిఖీకని ఆఫీసుకి పట్టుకుపోయారు.

పది రోజులకి తిరిగొచ్చాయి. నేను రాసినచోటల్లా తెల్ల రంగు పూసి ఉంది. ఆరిన రంగు మీద, ఇరవై రెండుసార్లు, ఒకటే మాట: 'వలస'.

వలస వెళ్లినవాళ్లు బడి మానేసినవాళ్ల లెక్కలోకి రారు. ఆ ఏడు మా పెద్ద బడిలో బడి మానేసిన పిల్లలు సున్నా.

పట్టీని దగ్గరికి తీసుకుని చూశాను. 'ల' తోకని లోపలికి చుట్టి చిన్న చుక్కలా ఆపడం నేను ఒక్కరి రాతలోనే చూశాను. అమ్మ పోయిన ఏడాది, వెనక నుంచి నా చెయ్యి పట్టుకుని, పలక మీద ఆ 'ల'ని వందసార్లు దిద్దించింది అక్కే. నేనూ అలాగే రాస్తాను. నా రాతా దాని రాతా ఒక్కలాగే ఉంటాయి. కింద నా సంతకం అలాగే ఉంది. ఆ పట్టీ ఎవరు చూసినా రాసింది నేనేననుకుంటారు.

ఆ సాయంత్రం బైపాసు దాటి సందులోకి వెళ్లాను. వాన వెలిసింది. వదిన పెట్టె తోస్తోంది, పక్కన పిడుగు బట్టల మీద నీళ్లు చిలకరించి చుట్టచుట్టి అందిస్తోంది. నన్ను చూడగానే చేతిలో చెంబు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"టీచర్, రిజిస్టర్లో నా పేరు ఇంకా ఉందా?"

"ఉంది."

"మరి పక్కన ఏం రాశారు? రోజూ ఆబ్సెంటేనా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ సందులో అప్పటికే నేను చెప్పిన మాటలు చాలానే ఉన్నాయి.

"వలస వెళ్లావని రాశారు."

"వలసంటే?"

"అంటే... ఊరొదిలి వెళ్లిపోవడం."

పిడుగు ఒకసారి బండి చూసింది. గేటు చూసింది. వాళ్లమ్మని చూసింది. నేను పరాచికాలాడుతున్నానేమోనని నా మొహం చూసింది. తర్వాత, లెక్క తప్పు కొట్టినప్పుడు ఎక్కడ తప్పో చూపించమని అడిగేది కదా, అచ్చం అలాగే అడిగింది.

"ఎక్కడికి వెళ్లానట, టీచర్?"

ఇస్త్రీ వదిన తలెత్తలేదు. "ఆ చొక్కా ఇటియ్యవే" అంది.